హోటల్ మూసేయమంటున్నారు... మూసేస్తే మంచాన పడతానేమో!

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 61. తెనాలిలో 27 ఏళ్లుగా చిన్న టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. తెల్లవారుజామున మూడున్నరకు లేస్తే మళ్లీ పడుకునేసరికి రాత్రి పదకొండు. తొమ్మిదేళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. పొద్దున ఆరింటికి టీ తాగి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. రద్దీ తగ్గాక పదకొండింటికి టిఫిన్ తింటాను. ఈమధ్య తొమ్మిదిన్నర ప్రాంతంలో చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. పొయ్యి వేడి అనుకుంటున్నాను. మొన్న మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 8.4 శాతం వచ్చింది. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటాను. హోటల్ మూసేసి హైదరాబాద్ వచ్చేయమని పిల్లల పోరు. ఖాళీగా కూర్చుంటే మంచాన పడతానని నా భయం. నాతోపాటే పనిచేసే మా ఆవిడ నాలుగేళ్లుగా కాశీ తీసుకెళ్లమంటోంది. ఒకప్పుడు నాటకాల్లో పద్యాలు పాడేవాణ్ని, అదీ మానేశాను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: హోటల్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ తొమ్మిదిన్నర చెమటల గురించి చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది అదే.

27 ఏళ్లుగా అదే పొయ్యి ముందు నిలబడుతున్నారు. చేతులు వణకడం మాత్రం ఈమధ్యే మొదలైంది. గ్లిమిపిరైడ్ మన క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా, తినలేదా అన్నది దానికి తెలియదు. ఆరింటికి మాత్ర పడింది, పదకొండు దాకా కడుపులో టీ తప్ప ఇంకేమీ లేదు, చేసేదేమో ఒళ్లు వంచి చేసే పని. తొమ్మిదిన్నరకు షుగర్ పడిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? సగటు 8.4 ఉన్నవాడికి షుగర్ ఎలా పడిపోతుందని మీకు అనుమానం రావచ్చు. 8.4 అంటే మూడు నెలల్లో మీ షుగర్ సగటున 190 పైన ఉన్నట్టు. సగటు కాబట్టి అందులో పైకి ఎగిరినవీ, కిందికి జారినవీ కలిసిపోతాయి. తొమ్మిదిన్నరకు కిందికి జారి, ఆ ఆకలి మీద పదకొండింటికి నాలుగు పూరీలు ఎక్కువ తింటే మధ్యాహ్నానికి ఆకాశానికి ఎక్కుతుంది. మీ విషయంలో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

రేపే ఒక గ్లూకోమీటర్ కొనండి. వణుకు రాగానే పక్కకు వచ్చి కూర్చుని వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి తాగండి. పెరిగాక ఏదైనా టిఫిన్ తినండి. మీటర్ చేతిలో లేకపోతే చూసే దాకా ఆగొద్దు, పంచదార తాగేయండి. కాగే నూనె మూకుడు ముందు నిలబడి కళ్లు తిరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒకవేళ మీటర్‌లో షుగర్ మామూలుగానే ఉండి చెమటలు పడుతుంటే గుండె సంగతి చూడాలి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండానే వస్తుంది. ఛాతీలో బరువు, దవడ లాగడం, ఆయాసం లాంటివి ఏవి తోడైనా గల్లా పెట్టె ఎవరికి అప్పగించాలా అని చూడకుండా 108కి ఫోన్ చేయండి.

మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఈ వారంలోనే మీ డాక్టర్‌ని కలవండి. మోతాదు తగ్గించడమో, షుగర్‌ను అంతగా పడేయని మరో మందుకు మార్చడమో ఆయన చూస్తారు. అప్పటిదాకా ఒకటే నియమం: ప్లేటులో టిఫిన్ పెట్టుకున్నాకే మాత్ర. ఏడింటికి పది నిమిషాలు కూర్చోండి. రోజూ వందమందికి వడ్డించే మనిషికి తన ప్లేటు పెట్టుకునే తీరిక దొరకకపోవడం నాకు బాధగా ఉంది. ఒక పెసరట్టు, ఒక ఉడికించిన గుడ్డు తినండి. ఇడ్లీ అయితే రెండు, పప్పు చిక్కగా ఉన్న సాంబారుతో.

నొప్పి మాత్రల గురించి కూడా గట్టిగా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. షుగర్, బీపీ రెండూ ఉన్న మీ కిడ్నీల మీద ఇప్పటికే భారం ఉంది. వాటిని ఆపేయండి. పారాసిటమాల్ ఎంత వాడొచ్చో డాక్టర్‌ని అడగండి. మోకాలికి అసలు మందు తొడ కండరం. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. ఒళ్లు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

రోజంతా నిలబడే ఉంటాను, నాకు వేరే వ్యాయామం ఎందుకు అని మీలాంటివారు చాలామంది అంటారు. పెనం ముందు ఒకేచోట నిలబడితే రక్తం కాళ్లలోకి దిగుతుంది, మోకాళ్లు అరుగుతాయి, గుండెకు మాత్రం పని పడదు. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీకు కాలువ గట్లున్న ఊరు ఉంది. భోజనం తర్వాత పావుగంట నడిచినా షుగర్ మీద తేడా మీటర్‌లో కనిపిస్తుంది.

ఇప్పుడు హోటల్ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగికి 62 ఏళ్లు నిండితే రిటైర్మెంట్ దానంతటదే వస్తుంది. మీకు ఆ ఆర్డరు ఇచ్చేవాళ్లు లేరు, కాబట్టి పూర్తిగా నడపడమో, పూర్తిగా మూసేయడమో తప్ప మూడో దారి మీకు తోచలేదు. ఖాళీగా కూర్చోవడం గురించి మీ భయం నిజమే. నా దగ్గరికి వచ్చే ఒక టైలర్ పిల్లల మాట విని ఒక్కరోజులో షాపు ఎత్తేశారు. ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు పెరిగారు, నిద్ర పోయింది, ఇంట్లో అందరి మీదా చిరాకు. మందులు రాశాను గానీ ఆయన కోలుకున్నది మాత్రం పూటకు నాలుగు జాకెట్లు కుట్టడం మళ్లీ మొదలుపెట్టాకే. మీ పిల్లల మాటలో ప్రేమ ఉంది, వాళ్ల మీద కోపం వద్దు. కానీ గల్లా దగ్గర కూర్చుంటే ఊరంతా పలకరించే మనిషి ఎవరూ తెలియని అపార్ట్‌మెంట్‌లో టీవీ ముందు ఎన్నాళ్లు కూర్చోగలడు? ముందు పది రోజులు వెళ్లి ఉండి చూడండి. ఇల్లు మారడం గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. హోటల్ ఉంచండి, సాయంత్రం పూట వదిలేయండి. ఒక నెల పాటు బజ్జీలు, పునుగుల లెక్క వేరే పుస్తకంలో రాయండి. నూనె, గ్యాసు, కుర్రాడి కూలీ తీసేస్తే చేతికి ఎంత మిగులుతోందో చూడండి. ఆ మిగిలేదాని కోసం రోజుకు అయిదు గంటలు, రాత్రి నిద్ర ఇస్తున్నారు. పదకొండింటికి పడుకుని మూడున్నరకు లేస్తే నాలుగున్నర గంటల నిద్ర. నిద్ర తక్కువైతే షుగర్ పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, ఆకలి కూడా అదుపు తప్పుతుంది. సాయంత్రం పూట లేకపోతే తొమ్మిదికల్లా పడుకోవచ్చు. పిండి రుబ్బడం, సామాన్లు మోయడం కుర్రాడికి అప్పగించండి. రుచి చూడటం, గల్లా, పలకరింపు మీ దగ్గర ఉంచుకోండి. వారానికి ఒకరోజు సెలవు బోర్డు పెట్టండి. మొదటి నెల ఒకరిద్దరు గొణుగుతారు. 27 ఏళ్లుగా మీ చట్నీ తిన్నవాళ్లు వేరే చోటికి పోరు.

అలా మిగిలిన సాయంత్రాల్లో పద్యం మళ్లీ పట్టండి. తెనాలిలో పుట్టి పద్యం మానేయడం ఏమిటండీ! మొదట్లో శ్రుతి అందదు, రాగం తీస్తుంటే ఊపిరి మధ్యలోనే తెగుతుంది. పట్టించుకోకండి. వారానికి రెండు సాయంత్రాలు పాత మిత్రుల్ని హార్మోనియంతో ఇంటికి పిలవండి. షుగర్‌తో తొమ్మిదేళ్లు గడిపినవాళ్లలో దిగులు మెల్లగా చేరుతుంది, చాలామంది దాన్ని వయసు అనుకుంటారు. మానేసిన ఇష్టాన్ని మళ్లీ పట్టుకున్నవాళ్లు మందులు కూడా శ్రద్ధగా వాడటం నేను చూస్తూనే ఉన్నాను.

కాశీ ప్రయాణానికి చలి మరీ ముదరని నవంబరు బాగుంటుంది. మాత్రలు, మీటర్ చేతిసంచిలోనే ఉంచుకోండి, పెద్ద పెట్టెలో పెట్టకండి. రైల్లో భోజనం ఆలస్యమైతే తినడానికి ఏదైనా దగ్గర ఉంచుకోండి. గుళ్లలో, ఘాట్ల మీద చెప్పుల్లేకుండా నడుస్తారు కాబట్టి రోజూ రాత్రి అరికాళ్లు కడిగి, వెలుతురులో చూసుకోండి. షుగర్ వల్ల స్పర్శ తగ్గితే గాజు పెంకు గుచ్చుకున్నా తెలియదు. బయల్దేరే ముందే పాదాల పరీక్ష చేయించుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, గుండె కోసం ఈసీజీ, కంటి రెటీనా పరీక్షలు అడగండి. ఏడాదిగా ఇవి చేయించుకోకపోతే వాయిదా వద్దు. తిండిలో మాంసకృత్తులు ఎంత పెంచవచ్చో కూడా కిడ్నీ రిపోర్టు చూశాకే డాక్టర్ చెబుతారు. ఇంకొక మాట. మీ గురించి ఇంత రాశారు గానీ మీ శ్రీమతి బీపీ ఎంత, షుగర్ ఎంత అన్నది ఒక్క ముక్క రాయలేదు. ఆవిడా మీతోపాటే అదే పొగలో, అదే వేళలో పనిచేస్తున్నారు. ఆవిడనూ తీసుకెళ్లి పరీక్షలు చేయించండి. రక్తం పరగడుపున ఇవ్వాల్సి వస్తే ఆ పొద్దున మీరు షుగర్ మాత్ర వేసుకోవద్దు, రక్తం ఇచ్చి టిఫిన్ ముందు పెట్టుకున్నాకే వేసుకోండి. హోటల్‌కి మీ మొదటి సెలవు బోర్డు ఆ రోజే పెట్టేయండి.