పాత స్పోర్ట్స్ కారుకు వెనక సస్పెన్షన్ తానే కడతానంటున్నాడు, డబ్బివ్వాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇబ్రహీంపట్నం వైపు ఒక కాలేజీలో బీటెక్ మెకానికల్ మూడో ఏడాది. స్నేహితుడి మేనమామ దగ్గర ఒక పాత కారు ఉంది. 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్ చాసిస్ మీద ఎవరో టూ సీటర్ స్పోర్ట్స్ బాడీ కట్టించారు. దాని వెనక సస్పెన్షన్ మొత్తం పీకేసి కొత్తది తానే తయారు చేస్తానంటున్నాడు. లక్షన్నర కావాలట. ఇదే తన కెరీర్ అంటాడు. ఆ డబ్బు పెట్టి పైథాన్ కోర్సులో చేరమని నేనంటాను. ఏం చేయమంటారు? — ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: ఇవ్వండి, కానీ విడతలుగా ఇవ్వండి. మొదటి విడత కొలతలకూ లెక్కలకూ మాత్రమే. అప్పుడు వెల్డింగ్ మిషన్ ఊసే రాకూడదు. ఆ కారు చివరికి నడుస్తుందా లేదా అన్నది మీ వాడి ఉద్యోగానికి పెద్ద విషయం కాదు. ఇంటర్వ్యూలో అడిగేది వేరే: ఈ స్ప్రింగే ఎందుకు పెట్టావు, లెక్కలో ఎంత వచ్చింది, కొలిస్తే ఎంత వచ్చింది? కారు పక్కన నిలబడి దిగిన ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి. ఈ మూడు ప్రశ్నలకు జవాబున్నవాళ్లే తక్కువ.

అసలు ఆ సస్పెన్షన్ ఎందుకు మార్చాలనుకుంటున్నాడో ముందు చెప్పించండి. హెరాల్డ్ వెనకది స్వింగ్ యాక్సిల్. డిఫరెన్షియల్‌ను (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టెను) చాసిస్‌కు బిగించి, దాని మీద అడ్డంగా ఒక కమాను, అంటే పట్టీల స్ప్రింగ్, పెట్టారు. ఒక్కో ఇరుసుకు లోపలి చివర, డిఫరెన్షియల్ పక్కన మాత్రమే జాయింట్ ఉంటుంది. అందుకే చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా ఇరుసుతో పాటు వాలిపోతుంది. జాయింట్ నుంచి చక్రం దాకా 500 మి.మీ. అనుకుంటే, 50 మి.మీ. కదలికకే కాంబర్, అంటే చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం, దాదాపు 5.7 డిగ్రీలు మారుతుంది. మలుపులో వేగంగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే కారు వెనక భాగం లేస్తుంది, బయటి చక్రం అడుగు లోపలికి మడుచుకుంటుంది, టైరు పట్టు పోయి కారు తిరగబడేదాకా రావచ్చు. భయం నిజమైనదే.

దీనికి హెరాల్డ్‌ను మొదట తయారుచేసిన బ్రిటన్ ట్రయంఫ్ కంపెనీయే రెండు మందులు కనిపెట్టింది. 1968లో జీటీ6 మార్క్ 2కు కింద విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల ఆర్మ్), ఇరుసు మధ్యలో రబ్బరు కప్లింగ్ పెట్టింది. 1970 స్పిట్‌ఫైర్ మార్క్ 4లో ఇంకా చవకగా తేల్చింది: కమాను కట్టలో ఒక్క పట్టీని గట్టిగా బిగించి, మిగతావి ఊగేలా వదిలేసింది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్స్ అయితే 1970ల్లో గజెల్ కారు తెచ్చేటప్పుడు స్వింగ్ యాక్సిలే వద్దనుకుని మామూలు లైవ్ యాక్సిల్‌కు, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసుకు, మారింది. మీ వాడు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు ఎంచుకున్నాడో రెండు పేజీలు రాయగలగాలి. కమాను ఒక్కటి మార్చితే సరిపోయేదానికి లక్షన్నర ఖర్చు పెట్టకూడదు కదా.

ఇక ఇక్కణ్నుంచి కొంత భాగం మీ వాడికే చదివి వినిపించండి.

మొదటి ప్రాజెక్టుకు డబుల్ విష్‌బోన్ జోలికి వెళ్లొద్దు. హబ్ క్యారియర్, సీవీ జాయింట్లు, ఒక్కో వైపు నాలుగైదు పికప్ పాయింట్లు... ఎక్కడ 2 మి.మీ. తేడా వచ్చినా గుంటలో పడ్డప్పుడల్లా చక్రం తనంతట తాను ఒక పక్కకు తిరుగుతుంది. లైవ్ యాక్సిల్ పెట్టి త్రీ లింక్ చేయడం మేలు. కింద రెండు ఆర్మ్‌లు, పైన ఒకటి, అటూ ఇటూ జరగకుండా ఒక పాన్‌హార్డ్ రాడ్, రెండు కాయిల్‌ఓవర్లు (షాక్ అబ్సార్బర్ చుట్టూ స్ప్రింగ్ ఉన్నవి), అంతే. పైన రెండు ఆర్మ్‌లు పెట్టి ఫోర్ లింక్ చేయాలని చాలామంది సరదా పడతారు. అన్ని చోట్లా రోజ్ జాయింట్లు (రబ్బరు లేకుండా లోహపు గుండు మీద తిరిగేవి) వేసి, ఆర్మ్‌ల పొడవులు గానీ కోణాలు గానీ సమానంగా లేకపోతే, కారు ఒరిగినప్పుడు ఎడమ వైపు ఆర్మ్‌లు ఇరుసును ఒక దిక్కుకు, కుడి వైపువి ఇంకో దిక్కుకు తిప్పాలని చూస్తాయి. మధ్యలో నలిగేది హౌసింగ్, అంటే ఇరుసు తొడుగు. కొన్నాళ్లకు బ్రాకెట్ వెల్డు దగ్గర సన్నగా పగులు కనిపిస్తుంది. ఇన్నోవాలో ఫోర్ లింక్ బాగానే పనిచేస్తుంది కదా అంటే, అక్కడ మెత్తటి రబ్బరు బుష్‌లు ఆ తేడాను మింగేస్తాయి. ఏ క్యాబ్ గ్యారేజీలోనైనా లిఫ్ట్ ఎక్కిన ఇన్నోవా కింద పది నిమిషాలు నిలబడితే ఇదంతా కళ్లారా చూడొచ్చు. పక్కనే స్కార్పియో ఎన్ దొరికితే పాన్‌హార్డ్ బదులు వాట్స్ లింకేజ్ ఎలా ఉంటుందో కూడా చూడమనండి.

పాన్‌హార్డ్ ఎంత పొడవుంటే అంత మంచిది. రాడ్ ఒక చివర చాసిస్‌కు ఉంటుంది కాబట్టి రెండో చివర వంపులో తిరుగుతుంది, ఇరుసును కాస్త పక్కకు లాగుతుంది. ఆ జరుగుడు సుమారుగా కదలిక వర్గాన్ని రాడ్ పొడవుకు రెట్టింపుతో భాగించినంత. 75 మి.మీ. కదలికకు 900 మి.మీ. రాడ్ అయితే 3 మి.మీ. పైచిలుకు, 450 రాడ్ అయితే 6 దాటుతుంది. ఎత్తు సరిచేసి నిలబెట్టినప్పుడు రాడ్ నేలకు సమాంతరంగా ఉండాలి.

బలాల లెక్క ఒకటి తప్పకుండా చేయించండి. టైర్ల దగ్గర కారును ముందుకు నెట్టే బలం 3000 న్యూటన్లు అనుకుందాం. కింది ఆర్మ్‌లు నేలకు 200 మి.మీ. ఎత్తులో, పైది వాటికి 150 మి.మీ. పైన. అప్పుడు పై ఆర్మ్ మీద 4000, కింది రెండిటి మీద కలిపి 7000 న్యూటన్లు పడతాయి. జాగా లేదని పై ఆర్మ్‌ను కింది వాటికి 100 మి.మీ. ఎత్తుకు దించితే అవే 6000, 9000 అవుతాయి. ఇంజిన్ మారలేదు, టైరు మారలేదు, బ్రాకెట్ కిందికి దిగినందుకే బలం పెరిగింది. అయినా సరే 25 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న మామూలు మైల్డ్ స్టీల్ సీమ్‌లెస్ ట్యూబు నిలువునా దాదాపు 50,000 న్యూటన్లు తట్టుకుంటుంది. కాబట్టి 4130 క్రోమోలీ అనే మరింత గట్టి స్టీలు కావాలని మీ వాడు పట్టుబడితే ఒప్పుకోకండి. ఇలాంటి పనుల్లో ట్యూబు వంగి ఆగిపోయేది అరుదు. బ్రాకెట్ చిరుగుతుంది, లేదా రోజ్ జాయింట్ మర దగ్గర విరుగుతుంది.

అందుకే ప్రతి జాయింటూ రెండు చెవుల మధ్య ఉండాలి. ఒకే చెవికి బోల్టు వేలాడదీస్తే అది వంగుతూ లేస్తూ తెగిపోతుంది. చెవుల్లో ఆనేది బోల్టు నున్నటి భాగం కావాలి, మర కాదు. 10.9 గ్రేడు ఎం12 బోల్టు, నైలాక్ నట్టు చాలు. రోజ్ జాయింట్ మర దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లు లోపలికి వెళ్లాలి. నిజానికి మన దుమ్ముకూ వానలకూ రోజ్ జాయింట్లు తొందరగా వదులై టకటకలాడతాయి. రబ్బరు బుష్‌లే నయం. ఆ బుష్‌ల బోల్టులు మాత్రం కారు చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

ఇరుసు ఎక్కణ్నుంచి తేవాలి? మారుతి ఓమ్నీది వెడల్పులో దగ్గరగా వస్తుంది, స్పేర్లు దొరుకుతాయి. కానీ హెరాల్డ్ చక్రం బోల్టుల పీసీడీ (బోల్టులన్నీ పడే వలయం వ్యాసం) 95.25 మి.మీ., ఓమ్నీది 114.3. ముందు చక్రం వెనక పట్టదు, ఒక స్టెప్నీ రెండిటికీ చాలదు. ఇంకోటి చాలామంది ఆలస్యంగా చూస్తారు: హెరాల్డ్‌లో డిఫరెన్షియల్ కదలదు, లైవ్ యాక్సిల్‌లో అది చక్రాలతో పాటు లేస్తుంది, దిగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారాలి, స్లైడింగ్ జాయింట్ ఉన్నది చేయించాలి. పినియన్ (డిఫరెన్షియల్‌లోకి వెళ్లే గేరు షాఫ్ట్), గేర్‌బాక్స్ షాఫ్ట్ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే వేగం పెరిగేకొద్దీ కింద నుంచి వణుకు వస్తుంది. బ్రేక్ హోస్ పొడవు చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు చూడాలి, నేల మీద ఉన్నప్పుడు కాదు.

స్ప్రింగ్ దగ్గర విద్యార్థులు చేసే తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటే. చక్రం 10 మి.మీ. లేస్తే స్ప్రింగ్ 7 మి.మీ. నొక్కుకుంటుంటే నిష్పత్తి 0.7. చక్రం దగ్గర గట్టిదనం కావాలంటే దాన్ని రెండుసార్లు గుణించాలి, ఒకసారి గుణించి వదిలేస్తారు. 40 న్యూటన్/మి.మీ. స్ప్రింగ్ చక్రం దగ్గర 19.6 అవుతుంది, 28 కాదు. ఒక్కో వెనక చక్రం మీద స్ప్రింగ్ మోసే బరువు 200 కిలోలైతే ఊగే వేగం సెకనుకు సుమారు 1.6 సార్లు. రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారుకు అది సరైన చోటే. 28 అనుకున్నవాడు కాగితం మీద 1.9 చూసి, స్ప్రింగ్ మరీ గట్టిగా ఉందని మెత్తటిది కొంటాడు. ఆనక కారు వెనక కూలబడుతుంది.

వెల్డింగ్‌కు ముందు పెట్రోల్ ట్యాంకు దించాలి, బ్యాటరీ తీయాలి, ఎర్త్ క్లాంపు వెల్డు పక్కనే పెట్టాలి. కరెంటు బేరింగుల గుండా పోతే వాటి మీద గుంటలు పడతాయి. హౌసింగ్‌కు బ్రాకెట్లు అతికేటప్పుడు ఒకే వైపు వరుసగా వేస్తే వేడికి హౌసింగ్ వంగుతుంది, ఆయిల్ సీల్ కారడం మొదలవుతుంది. హాఫ్ షాఫ్టులు తీసేసి, ముందు అన్నీ ట్యాక్ చేసి (చిన్న చుక్కలుగా తాత్కాలికంగా అతికి), 25 మి.మీ. చొప్పున అటొకటి ఇటొకటి వేస్తూ, మధ్యమధ్యలో చల్లారనిచ్చి స్ట్రెయిట్ ఎడ్జ్‌తో చూడాలి. చివరి వెల్డు చేయి తిరిగిన వెల్డర్ చేతే వేయించండి, ఇందులో నామోషీ లేదు. బాలానగర్, జీడిమెట్లలో టిగ్ వెల్డింగ్ బాగా వేసేవాళ్లకు కొదవ లేదు. బుష్ స్లీవులు, స్పేసర్లు కూడా అక్కడి లేత్ మీదే చేయించుకోవచ్చు. బేరింగులు, బోల్టులకు రాణిగంజ్ ఉండనే ఉంది.

చట్టం సంగతి మాత్రం మీరే పట్టించుకోవాలి, కుర్రాళ్లకు పట్టదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే మాట గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండికి వర్తిస్తాయి గానీ, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఈ కారుకు బాడీ ఇప్పటికే మారింది. చాసిస్ కూడా కోస్తే ఇక వెనక్కి తిరిగే దారే ఉండదు. కాబట్టి కోతలు లేకుండా, బోల్టులతో బిగించే ఫ్రేమే చేయాలి, తీసిన పాత సామానంతా నంబర్లు వేసి దాచాలి, పరీక్షలన్నీ ప్రైవేటు ప్రాంగణంలోనే జరగాలి. కారు యజమాని నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోకుండా స్పానర్ ముట్టనివ్వకండి.

ఇక కెరీర్. ఇందులో మూడు దారులున్నాయి, మీ వాడికి ఏది నచ్చుతుందో ఈ పనిలోనే తేలుతుంది. చేతిపని మీద మనసుంటే బాలానగర్ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో టూలింగ్, క్యాడ్/క్యామ్ కోర్సులు చూడండి. వెల్డింగే లోతుగా నేర్చుకోవాలంటే తిరుచ్చిలో బీహెచ్ఈఎల్ వాళ్ల వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. లెక్కల భాగం ఇష్టపడితే డిజైన్, సీఏఈ (కంప్యూటర్ మోడల్ మీద బలాలు లెక్కగట్టే పని) వైపు. హైదరాబాద్‌లోనే హ్యుందాయ్ ఇంజినీరింగ్ సెంటర్, జెడ్ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉన్నాయి. గేట్ రాసి ఎంటెక్ చేస్తే ఈ దారి ఇంకా వెడల్పవుతుంది. కొలవడం, పరీక్షించడం నచ్చితే పుణె ఏఆర్ఏఐ, పీతంపూర్ నాట్రాక్స్, చెన్నై జీఏఆర్‌సీ లాంటి టెస్టింగ్ సంస్థలు. కాలేజీలో సుప్రా, బాహా ఎస్ఏఈ ఇండియా (విద్యార్థులే బండి కట్టి తలపడే పోటీలు) టీమ్ ఉంటే అందులో చేరడం ఈ కారు కంటే ముందు పని. అక్కడ రూల్ బుక్ ఉంటుంది, టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, డిజైన్‌ను జడ్జిల ముందు సమర్థించుకోవాలి.

పైథాన్ మీద మీ ఇద్దరికీ పేచీ అక్కర్లేదు. పైన చెప్పిన పాన్‌హార్డ్ జరుగుడు, ఆర్మ్‌ల మీద బలాలు, పినియన్ కోణం, ఇవన్నీ చక్రం ఒక్కో 10 మి.మీ. లేచినప్పుడు ఎంతో చెప్పే ప్రోగ్రామ్ మీ వాడినే రాయమనండి. సీఏఈ ఉద్యోగాల్లో స్క్రిప్టింగ్ రోజువారీ పనే. కోర్సు ఫీజు కూడా మిగులుతుంది.

మొదటి విడత పదివేలు మించకూడదు. దాంతో దారం, ప్లంబ్ బాబ్, రసమట్టం, డిజిటల్ యాంగిల్ గేజ్, నాలుగు తూకపు మిషన్లు అద్దెకు. నెల తర్వాత మీ వాడు ఒక పట్టిక చూపించాలి: రెండు వైపులా వీల్‌బేస్, మూలమూలకూ కొలతలు, ఒక్కో చక్రం మీద బరువు, 10 మి.మీ.కు ఒకసారి కాంబర్. అది నిండుగా ఉంటే ఇరుసుకూ ట్యూబుకూ రెండో విడత ఇవ్వండి. కాయిల్‌ఓవర్ల డబ్బు అన్నిటికంటే చివర, ఇరుసును స్ప్రింగులు లేకుండా ట్యాక్ వెల్డుల మీదే పైనుంచి కింది దాకా చేత్తో కదిపి, లెక్కనూ కొలతనూ పక్కపక్కన రాసి చూపించాక.