మ్యాక్‌లో కాంటాక్ట్స్ మాయమైతే

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మ్యాక్‌కి కొత్త ఓఎస్ ఎక్కించాక కాంటాక్ట్స్‌లో సగం పేర్లే కనిపిస్తున్నాయన్నావు. టెన్షన్ పడకు. ఇప్పుడే దేన్నీ ఆఫ్ చేయకు, డిలీట్ చేయకు. నేను చూసినంతలో అప్‌గ్రేడ్ వల్ల పోయిన నంబర్లు తక్కువ, కంగారులో ఏదో నొక్కి పోగొట్టుకున్నవే ఎక్కువ.

నీ ఐఫోన్‌లో పేర్లన్నీ ఉంటే, అక్కడివి కూడా పోకుండా ముందు దాన్ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపు. తర్వాత మ్యాక్ బ్రౌజర్‌లో ఐక్లౌడ్ డాట్ కామ్ (ఆపిల్ వాళ్లు మన డేటాను ఆన్‌లైన్‌లో దాచే చోటు) తెరిచి చూడు. అక్కడ అన్నీ ఉన్నాయా, సరే, మ్యాక్ వాటిని దించుకోవడం లేదంతే. సిస్టమ్ సెట్టింగ్స్‌లో పైన నీ పేరు నొక్కి, ఐక్లౌడ్‌లో కాంటాక్ట్స్ ఆన్‌లో ఉందో లేదో చూడు. లేని పేర్లు జీమెయిల్‌వైతే ఇంటర్నెట్ అకౌంట్స్‌లో గూగుల్ దగ్గర చూడాలి. కాంటాక్ట్స్ యాప్‌లో ఎడమవైపు ‘ఆల్ కాంటాక్ట్స్’ ఎంచుకున్నావా? చాలాసార్లు ఏదో ఒక్క లిస్టే తెరిచి ఉంటుంది.

ఇంకేం ముట్టుకునే ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లి, కాంటాక్ట్స్ ఆర్కైవ్ (మొత్తం కాంటాక్ట్స్‌కి బ్యాకప్) ఒకటి, అన్ని పేర్లూ సెలెక్ట్ చేసి వీకార్డ్ (పేర్లు, నంబర్లు ఉండే ఫైల్) ఒకటి దాచుకో. ఈ రెండూ ఒకటి కావు. వీకార్డ్ తెరిస్తే ఉన్నవాటికి పేర్లు కలుస్తాయి. ఆర్కైవ్ తెరిస్తే ఉన్నవన్నీ పోయి ఆర్కైవ్‌లోవే మిగులుతాయి. పాత ఆర్కైవ్ తెరిచి, ఆ తర్వాత చేర్చుకున్న నంబర్లు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

అప్పటికీ రాకపోతే యాప్ మూసేసి, ఫైండర్‌లో (మ్యాక్‌లో ఫైళ్లు చూసే యాప్) ఆప్షన్ కీ పట్టుకుని గో మెనూలో లైబ్రరీ తెరువు. అప్లికేషన్ సపోర్ట్‌లో ‘అడ్రస్‌బుక్’ ఫోల్డర్ ఉంటుంది. 2012లో మౌంటెన్ లయన్ వచ్చేదాకా యాప్ పేరు అదే, ఫోల్డర్‌కి ఆ పేరే ఉండిపోయింది. దాన్ని డెస్క్‌టాప్ మీదికి జరిపి రీస్టార్ట్ చేయి. మ్యాక్‌లో మాత్రమే ఉన్న పేర్లు అందులోనే ఉంటాయి కనుక చెత్తబుట్టలో మాత్రం వేయకు.

పేర్లు ఐక్లౌడ్‌లోనే లేకపోతే ఐక్లౌడ్ డాట్ కామ్‌లోనే డేటా రికవరీ ఉంది. 30 రోజుల లోపు కాపీలు దొరుకుతాయి, అందుకే వాయిదా వేయకు. ఒకే పేరు రెండుసార్లు వస్తే కార్డ్ మెనూలో ‘లుక్ ఫర్ డూప్లికేట్స్’ ఉంది, అది నిదానంగా చూసుకోవచ్చు.

ఎక్కడైనా ‘డిలీట్ ఫ్రమ్ మ్యాక్’ అని అడిగితే అక్కడే ఆగి, స్క్రీన్ ఫొటో తీసి నాకు వాట్సాప్ చేయి. రాత్రయినా సరే, ఫోన్ చేసి చెప్తాను.