చిన్న బ్యాటరీ చూడకుండా పెద్ద బ్యాటరీకి డబ్బు కట్టకు

విజయనగర్, బెంగళూరు

అమ్మలూ,

ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను. నీ 2010 ప్రియస్‌లో, అదే నీ టొయోటా హైబ్రిడ్ కారులో (పెట్రోలు, కరెంటు రెండింటితో నడిచేది), లైట్లన్నీ ఒకేసారి వెలిగాయని, డిస్‌ప్లే ఆరిపోయి మళ్లీ వచ్చిందని చెప్పావు. మెకానిక్ చూడగానే హైబ్రిడ్ బ్యాటరీ పోయిందన్నాడట. మీటరు పెట్టి చూడని మనిషి మాట మీద లక్షలు కట్టకు తల్లీ.

నీ కారులో రెండు బ్యాటరీలున్నాయి. పెద్దది వెనక సీటు వెనకాల ఉంటుంది. 28 మాడ్యూళ్లు (సెల్ కట్టలు), మొత్తం 201.6 వోల్టులు. చిన్నది డిక్కీలో కుడి మూలన ఉండే 12 వోల్టులది. బండిని లాగేది పెద్దది, నిద్ర లేపేది చిన్నది. కంప్యూటర్లు, డిస్‌ప్లే, రిలేలు (కరెంటు స్విచ్చులు) అన్నీ ఆ చిన్నదాని మీదే బతుకుతాయి. అది నీరసపడితే డ్యాష్‌బోర్డు ఉన్నవీ లేనివీ చూపిస్తుంది.

అందుకే ముందు దాన్ని చూడు. రాత్రంతా కారు కదపకుండా ఉంచి, పొద్దున్నే మల్టీమీటర్ పెట్టు. 12.6 వస్తే బాగున్నట్టు, 12.2 అంటే సగమే, 12 దాటకపోతే ఖాళీ. తర్వాత కారు ఆన్ చేసి, డ్యాష్‌బోర్డు మీద బండి నడవడానికి సిద్ధమని చెప్పే రెడీ లైటు వెలిగాక మళ్లీ చూడు. 14 వోల్టుల దగ్గర ఉంటే చార్జింగ్ సరిగ్గా అవుతున్నట్టే. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పూత పట్టి ఉంటే నెగటివ్ ముందు విప్పి, వంట సోడా కలిపిన నీళ్లతో తడిపిన పాత బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడువు. బిగించేటప్పుడు నెగటివ్ చివర. కొత్తది కొనాల్సి వస్తే గ్యాస్ బయటికి పోయే సన్నని గొట్టం తగిలించేదే అడుగు. ఈ బ్యాటరీ కారు లోపలే ఉంటుంది కాబట్టి ఇందులో రాజీ పడకూడదు.

ఒకవేళ చిన్న బ్యాటరీ చార్జి పూర్తిగా అయిపోతే డిక్కీ కూడా తెరుచుకోదు. కంగారు పడకు. రిమోట్‌లో దాచిన ఇనప తాళంతో డోర్ తీసి, బానెట్ ఎత్తితే ఫ్యూజు పెట్టెలో జంప్ ఇచ్చే (వేరే బ్యాటరీ నుంచి కరెంటు అందించే) పాయింటు ఉంటుంది.

ఇక వెనక సీటు పక్కన సన్నని జాలీ ఉంటుంది, చూశావా? పెద్ద బ్యాటరీకి గాలి అందేది అక్కడి నుంచే. మీ వైపు మెట్రో పనుల దుమ్ము, నీ కుక్కపిల్ల వెంట్రుకలు అన్నీ అందులోకే పోతాయి. నేను ఒక బండిలో ఆ ఫ్యాన్ విప్పితే రెక్కల మధ్య దూది ఉండలాగా చెత్త పేరుకుని ఉంది. బ్యాటరీ వేడెక్కి వేడెక్కి ముసలిదైపోయింది. జాలీ మీద సంచులు పెట్టకు, నెలకోసారి వ్యాక్యూమ్ చెయ్యి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా లైటు వెలిగితే అప్పుడు పెద్దదాని సంగతి. ఎస్‌పీ రోడ్డులో బ్లూటూత్ ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్లో పడిన లోపాల కోడ్లు చదివేది) దొరుకుతుంది, ఫోన్‌కి కలుపు. పీ0ఏ80 అనే కోడ్ వస్తే బ్యాటరీ మీద అనుమానం గట్టిదే. రెండేసి మాడ్యూళ్లు కలిసిన 14 బ్లాకుల వోల్టేజీలు కూడా చూడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కటి మిగతావాటికన్నా వోల్టుకు మించి కిందికి జారుతుంటే అక్కడే జబ్బుంది. ఒక్క మాడ్యూల్ మారిస్తే చాలంటారు. నా అనుభవంలో మిగతావన్నీ అదే వయసువి కాబట్టి కొన్నాళ్లకు ఇంకొకటి పడుతుంది. అలా చేయించుకుంటే తాత్కాలికమని తెలిసే చేయించుకో.

పెద్ద బ్యాటరీ కరెంటు పోయే నారింజ రంగు వైర్లని మాత్రం ముట్టుకోకు. సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీ కరెంటు తెంచే ప్లగ్గు) పీకాక కూడా కనీసం పది నిమిషాలు ఆగి, ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకునే వాళ్లే చెయ్యాల్సిన పని అది. ఈ ఒక్క మాట నా మీద ఒట్టేసి వినమ్మా.

డిస్‌ప్లే నల్లగా ఉండిపోతే, వేగం కనిపించదు కాబట్టి బండి నడపకు. నీ బండికి ముందు వచ్చిన 2004-09 నాటి ప్రియస్‌లో మీటర్ బోర్డు మీద కెపాసిటర్ అనే చిన్న భాగం బలహీనపడి ఇలా అయ్యేది. బోర్డు రిపేరు తెలిసినవాళ్లు దాన్ని మార్చి బాగు చేస్తారు. తుక్కులో దొరికే పాత మీటరు బిగిస్తామంటే ఒప్పుకోకు, వేరే బండి కిలోమీటర్లు నీ కారులో కనిపిస్తాయి.

కారు ఊరికే నిలబెట్టినా వారానికోసారి అరగంట రెడీలో, గేరు పీలోనే (పార్కింగ్) ఉంచి నడవనివ్వు. ఎన్‌లో (న్యూట్రల్) పెడితే పెద్ద బ్యాటరీ చార్జ్ అవదు.

ఆదివారం పొద్దున రీడింగ్ ఫొటో తీసి పంపు. 12 కన్నా తక్కువ వస్తే జేసీ రోడ్డుకి నేనే వస్తాను, ఇద్దరం కలిసి కొత్త చిన్న బ్యాటరీ తెద్దాం.

నీ పెదనాన్న