మన మీద ప్రభావం చూపిన స్త్రీ గురించి సభలో నిజమైన కథ చెప్పాలంటే ఎలా సిద్ధం కావాలి?

చేతిలో కాగితం లేకుండా ఐదు నిమిషాలు మాట్లాడాలి, పొగడ్తల చిట్టాలా ఉండకూడదు అని సభ పెట్టేవాళ్లు అన్నారనుకోండి. నేను మా పెద్దమ్మ గురించి ఇలాగే ఒక సభలో చెప్పాను కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను. మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆవిడ ఎంత గొప్పదో చెప్పకండి. మీ కళ్లముందు ఆవిడ చేసిన ఒక్క పని చెప్పండి.

"చాలా ధైర్యవంతురాలు, ఎన్నో కష్టాలు పడింది" అంటే వినేవాళ్లు తలూపి ఊరుకుంటారు. ఆ మాట ఎవరి గురించైనా అనొచ్చు. నేను చెప్పింది ఇది. పెదనాన్న పోయాక ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టడానికి పెద్దమ్మ వెళ్తుంటే తోడుగా నేనూ వెళ్లాను. అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. ఇంటూ గుర్తు ఉన్నచోటల్లా సంతకం పెడితే చాలన్నారు. పెద్దమ్మ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ఒక్కో వరుస కింద వేలు జరుపుతూ, పెదాలు కదుపుతూ చదువుతోంది. వెనక జనం గొణుగుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయి చెయ్యి పట్టి లాగాను. ఆవిడ కదల్లేదు. ఒకచోట ఖాళీ గడి కనిపిస్తే "ఇక్కడ ఏం రాస్తారు?" అని అడిగింది. ఏమీ రాయం అన్నారు. "అయితే సరే" అని ఆ ఖాళీలో అడ్డంగా గీత కొట్టి, అప్పుడు సంతకం పెట్టింది. తర్వాతెప్పుడో నా మొదటి ఉద్యోగం కాగితాలు చేతికొచ్చినప్పుడు నా వేలు దానంతటదే మొదటి వరుస కిందకి వెళ్లింది. కథ అక్కడితో ఆపేశాను. ధైర్యం అన్న మాట ఎక్కడా వాడలేదు.

న్యూయార్క్‌లో జార్జ్ డాస్ గ్రీన్ అనే రచయిత 1997లో మొదలుపెట్టిన 'ద మాత్' సభల పద్ధతి కూడా ఇదే. చూసి చదవకూడదు, చెప్పేది నిజం కావాలి, చెప్పేవాళ్ల సొంత అనుభవం కావాలి. ఈ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. ఆవిడ జీవిత చరిత్ర ఎవరైనా చెప్పగలరు. ఆవిడ వల్ల మీలో ఏం మారిందో మీరొక్కరే చెప్పగలరు. పుట్టుక నుంచి ఎత్తుకుంటే అసలు విషయానికి రాకముందే టైమ్ అయిపోతుంది.

ఆవిడ బతికుంటే, ముందు వెళ్లి కూర్చుని మాట్లాడండి. అమెరికాలో 2003లో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఒక చిన్న గదితో మొదలైన 'స్టోరీకోర్' చేసేది ఇంతే: తెలిసినవాళ్లు ఇద్దరు 40 నిమిషాలు మాట్లాడుకుంటే రికార్డు చేస్తారు. మీకు ఫోన్ చాలు. నేను "అంతమంది గొణుగుతుంటే నీకేమీ అనిపించలేదా?" అని అడిగాను. "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానే, సగం అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి, అందుకే అంతసేపు పట్టింది" అంది. ఇన్నేళ్లూ పక్కనే ఉండి కూడా నాకు తెలియని సంగతి అది! సభలో అందరి మనసుకీ పట్టింది ఆ ముక్కే.

రాసుకుని బట్టీ పట్టొద్దు. ఒక్క వాక్యం మర్చిపోతే మొత్తం ఆగిపోతుంది, ఆ టెన్షన్ గొంతులో వినిపిస్తుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం ఖాయం చేసుకుని, మిగతాది నడుస్తూనో పని చేసుకుంటూనో పైకి చెప్పుకోండి. చెప్పినప్పుడల్లా మాటలు మారినా ఫరవాలేదు, జరిగింది మారకూడదు. ఎవరు ఏమన్నారో సరిగ్గా గుర్తులేకపోతే "ఇలాంటిదే ఏదో అంది" అనండి, కల్పించకండి. ఆవిడ కోపం, మొండితనం కూడా ఉండనివ్వండి. దేవతని చేస్తే మనిషి కనిపించదు.

గొంతు పూడుకుపోతే ఆగండి, నీళ్లు తాగండి. జనం తొందరపెట్టరు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది. ఏం చెప్పబోతున్నారో ఆవిడకి ముందే వినిపించండి. పెద్దమ్మ మొత్తం విని, ఆస్తి సంగతి ఒకటి తీసేయమంది. కథకి అది బలమే, అయినా తీసేశాను. ఆవిడ వద్దన్నది ఎంత బాగున్నా మీరు చెప్పకూడదు.