ల్యాబ్‌లో శుభ్రమైన డేటా, ఆఫీసులో చెత్త డేటా: అల్గారిథమ్స్ వదిలేయాలా?

ప్రశ్న: అనంతపురంలో నాకు మెడికల్ షాపు ఉంది. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. వేసవిలో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాడు. రెండు నెలలూ కస్టమర్ల జాబితాలో తప్పులు దిద్దడమే పని. తిరిగొచ్చాక "కాలేజీలో చెప్పే అల్గారిథమ్స్ పరీక్షకే నాన్నా, బయట ఎవరూ వాడరు" అంటున్నాడు. ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్ష చదువు ఆపేసి, అమీర్‌పేటలో 60 వేలు కట్టి డేటా అనలిటిక్స్ కోర్సులో చేరతాడట. వాళ్ళ సార్ మాత్రం అల్గారిథమ్స్ వదిలితే ప్లేస్‌మెంట్ రాదంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు మీ అబ్బాయి మీద కోప్పడకండి. అతను చూసింది నిజమే. దాన్నిబట్టి తీసుకున్న నిర్ణయమే తొందరపాటు.

అల్గారిథమ్ అంటే ఒక పనిని కంప్యూటర్ ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా చేయాలో చెప్పే పద్ధతి. పుస్తకంలో చాలా అల్గారిథమ్స్‌కి ముందు ఒక చిన్న వాక్యం ఉంటుంది. జాబితాని ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్ అయితే "జాబితా వరుస క్రమంలో ఉందనుకుందాం". అతి దగ్గరి దారి కనిపెట్టే డైక్‌స్ట్రా అయితే "దారుల బరువుల్లో మైనస్ అంకెలు లేవనుకుందాం". మేస్టారు దాన్ని అర నిమిషంలో చదివేసి ప్రూఫ్‌లోకి వెళ్ళిపోతారు. నేనూ కొన్నేళ్ళు ల్యాబ్ చెప్పినవాణ్ణే. బోర్డు మీద పది అంకెలు రాసి సార్ట్ చేయమనేవాణ్ణి, అంటే చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పెట్టమని. ఒక్కరోజైనా అందులో ఒక గడి ఖాళీగా వదిలిన పాపాన పోలేదు. ఆ "అనుకుందాం" అన్నది నిజమో కాదో తేల్చడమే మీ అబ్బాయి వేసవిలో చేసిన పని. అది అల్గారిథమ్స్‌కి బయటిది కాదు, మేము చెప్పకుండా దాటేసిన భాగం.

మీకు ఇది షాపులోనే తెలిసి ఉంటుంది. కంప్యూటర్ 20 స్ట్రిప్పులు ఉన్నాయంటుంది, అరలో చూస్తే 14 ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కి కూడిక రాక కాదు, డీలరుకి తిప్పిపంపినవాటికి ఎవరో రిటర్న్ ఎంట్రీ వేయలేదు. ప్రోగ్రాముల్లోనూ ఇంతే. వరుసలో లేని జాబితా మీద బైనరీ సెర్చ్ నడిపితే ఎర్రర్ ఏమీ రాదు, ఉన్న పేరునే లేదని చెప్పవచ్చు. మీవాణ్ణి పైథాన్‌లో 3, నాన్, 1 అని రాసి సార్ట్ చేయమనండి. నాన్ అంటే అంకె కానిది, ఖాళీ గడి చాలాసార్లు అలాగే లోపలికొస్తుంది. దానితో దేన్ని పోల్చినా "చిన్నది కాదు" అనే జవాబు వస్తుంది కాబట్టి, జాబితా ఎలా ఇచ్చామో అలాగే తిరిగొస్తుంది. 3 ముందు, 1 వెనక. ప్రోగ్రాం మాత్రం పని అయిపోయినట్టే ఉంటుంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు మీకు గుర్తుండే ఉంటాయి. తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక అమ్మాయికి మెమోలో సున్నా పడింది. మిగతా సబ్జెక్టుల్లో బాగా రాసిన పిల్లకి ఒక్కదాంట్లో సున్నా వస్తే, ఫలితం బయటికి వెళ్ళేముందు ఆ పేపరు మరోసారి చూడండని చెప్పే చిన్న ప్రోగ్రాం రాయడం మూడో ఏడాది కుర్రాడికి కష్టమేమీ కాదు. అలాంటిది ఒకటి ఉండాలని ఎవరికి తడుతుందన్నదే ప్రశ్న.

ఇక బయట అల్గారిథమ్స్ ఎవరూ వాడరన్న మాట. కస్టమర్ల జాబితాలో ఒకే మనిషి రెండుసార్లు ఉంటే కనిపెట్టాలి. లక్ష మంది ఉన్నారనుకుందాం. ప్రతి పేరునీ మిగతా అన్నిటితో పోల్చాలంటే సుమారు 500 కోట్ల జతలు. అల్గారిథమ్స్ సబ్జెక్టు డీఏఏలో ఎన్ స్క్వేర్ అని నేర్పేది ఇదే, మనుషులు పది రెట్లయితే పని వంద రెట్లవుతుంది. ఆ జాబితాని పిన్‌కోడ్ ప్రకారం వెయ్యి బుట్టల్లో సర్ది, బుట్టకి వంద మంది చొప్పున పడితే, పోల్చాల్సిన జతలు 50 లక్షల లోపుకి దిగుతాయి. కానీ పిన్‌కోడే తప్పు పడితే? ఒకే మనిషి రెండు బుట్టల్లో పడతాడు, ఆ జత ఎప్పటికీ దొరకదు. అందుకని ఫోన్ నంబరు చివరి అంకెలతో ఇంకోసారి సర్దాలి. చూడండి, డేటాలో తప్పు ఎలాంటిదో తెలిస్తే తప్ప ఆ అల్గారిథమ్ రాయలేరు.

తర్వాత పేర్లు. రెండు మాటలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కించే పద్ధతిని లెవెన్‌స్టైన్ అనే సోవియట్ గణితవేత్త 1965లో ప్రతిపాదించాడు. మీవాడి సిలబస్‌లో డైనమిక్ ప్రోగ్రామింగ్ పాఠంలో ఎడిట్ డిస్టెన్స్ అని ఉండేది అదే. ఒక మాటని ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అన్నదే లెక్క. ఇప్పుడు లక్ష్మి అన్న పేరు తీసుకోండి. ఇంగ్లీషులో కొందరు మధ్యలో ఎక్స్ పెడతారు, కొందరు కే, ఎస్, హెచ్ రాస్తారు. ఈ రెండు స్పెల్లింగుల మధ్య దూరం 3. రమేష్, సురేష్ ఇంగ్లీషు స్పెల్లింగుల మధ్య దూరం కూడా 3! ఒకచోట ఒకే మనిషి, ఇంకోచోట బహుశా అన్నదమ్ములు. ఏ అంకె దగ్గర గీత గీసినా ఒక వైపు దెబ్బే. మన పేర్లు తెలిసినవాడు ఎక్స్‌ని ముందే కే, ఎస్, హెచ్‌గా మార్చుకుంటాడు, ఇంటిపేరు ముందున్నా వెనకున్నా ఒకటేనని మాటలు విడదీసి పోలుస్తాడు. తెలుగు లిపిలో ఉన్న డేటా అయితే ఇంకో చిక్కు. "ఐ" గుణింతాన్ని, కంప్యూటర్‌లో అక్షరాలకి గుర్తులిచ్చే యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. కంటికి మామూలుగా ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కి వేరు వేరు. ఇలాంటివి పట్టుకోవడంలో అనంతపురం కుర్రాడు ఎవరికీ తీసిపోడు.

వాళ్ళ సార్ చెప్పింది కూడా కొట్టిపారేయకండి. చాలా కంపెనీలు మొదటి రౌండ్‌లో కోడింగ్ టెస్ట్ పెడతాయి, అక్కడ ఇచ్చే ఇన్‌పుట్ కడిగిన ముత్యంలా ఉంటుంది. అంకెలు ఇంతకు మించవు, ఖాళీలు ఉండవు లాంటి హామీలు కన్‌స్ట్రెయింట్స్ అని ముందే రాసిస్తారు. అయితే ఆ హామీ ఊరికే రాదు. కోడ్‌ఫోర్సెస్ లాంటి వెబ్‌సైట్లలో జరిగే కోడింగ్ పోటీల్లో ప్రశ్న తయారుచేసేవాళ్ళు ప్రతి టెస్ట్ ఫైలునీ సరిచూడటానికి వాలిడేటర్ అని వేరే ప్రోగ్రాం రాస్తారు. ప్రశ్నలు సాధించడంతో పాటు నెలకొకటి రెండు తనే తయారుచేసి వాలిడేటర్ రాయమనండి. అప్పుడు ఈ చదువు రెండో వైపు నుంచి కనిపిస్తుంది.

గేట్ ఆపాల్సిన పనీ లేదు. 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కి డీఏ అని విడిగా పేపరు ఉంది. అందులో ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రాతో పాటు అల్గారిథమ్స్, డేటాబేస్, డేటా వేర్‌హౌసింగ్ అన్నీ ఉన్నాయి. మీవాడికి నచ్చింది, సార్ వదలొద్దన్నది ఒకే పేపరులో కలిసి వస్తున్నాయి.

ఈ సెమిస్టర్‌లో ఒక పని చేయమనండి. కంపెనీ జాబితా ల్యాప్‌టాప్‌లో ఇంకా ఉంటే ముందు తీసేయాలి, అది కస్టమర్ల సొంత సమాచారం. దాని బదులు తనే లక్ష ఉత్తుత్తి పేర్లు పుట్టించి, వాటిలో కావాలని తప్పులు చల్లాలి. స్పెల్లింగులు మార్చడం, పుట్టిన తేదీలో రోజూ నెలా తారుమారు చేయడం, కొన్ని గడులు ఖాళీగా వదలడం లాంటివి. తప్పులు ఎక్కడున్నాయో తనకి తెలుసు కనుక, తన ప్రోగ్రాం ఎన్ని పట్టుకుంది, ఎన్ని వదిలేసింది, వేర్వేరు మనుషుల్ని ఎంతమందిని ఒకరనుకుంది అన్నీ లెక్క చెప్పగలడు. "రెండు నెలలు డేటా క్లీనింగ్ చేశాను" అని రెజ్యూమేలో రాస్తే ఇంటర్వ్యూలో పెద్దగా అడగడానికేమీ ఉండదు. ఈ లెక్కలు రాస్తే అరగంట మాట్లాడొచ్చు.

60 వేలు ఇప్పుడే కట్టకండి. అలాంటి కోర్సుల్లో సాధారణంగా చెప్పేది ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పైథాన్, పవర్ బీఐ. ఎక్సెల్, పైథాన్ కొంత అతనికి వచ్చే ఉంటాయి, మిగతావాటికి ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లోనూ బయటా ఉచిత పాఠాలు దొరుకుతాయి. సంక్రాంతి సెలవుల తర్వాత కూడా చేరతానంటే, మీరూ కూడా డెమో క్లాసుకి వెళ్ళండి. ప్రాక్టీసుకి ఎలాంటి ఫైళ్ళు ఇస్తారో అడిగి, ఒకటి తెరిచి చూపించమనండి. గడులన్నీ నిండుగా, తేదీలన్నీ ఒకే తీరులో ఉంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.