సంపూర్ణ సూర్యగ్రహణం కోసం ఈజిప్టు దాకా వెళ్లాలా? ఒకసారి చూసొచ్చినవాడి జవాబు

"పాక్షిక గ్రహణాలు హైదరాబాద్‌లో మేడ మీంచే చూశాను. 2027 ఆగస్టు 2న వచ్చే సంపూర్ణ గ్రహణం కోసం ఈజిప్టు వెళ్లడం డబ్బు దండగేమో" అని అడిగారు. దండగ కాదు. మీరు చూసినదానికీ అక్కడ చూడబోయేదానికీ పేరు తప్ప పోలిక లేదు.

నిజానికి నేను విమానం ఎక్కకుండానే చూసి ఉండాల్సినవాణ్ణి. 1980 ఫిబ్రవరి 16, శనివారం. నాకు తొమ్మిదేళ్లు, మలక్‌పేటలో ఉండేవాళ్లం. సంపూర్ణ గ్రహణం దారి, అంటే సూర్యుడు పూర్తిగా మూసుకుపోయినట్టు కనబడే సన్నటి నేల పట్టీ, నల్గొండ మీదుగా పోయింది. ఉస్మానియా వాళ్ల జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఆ దారిలోనే ఉంది. మా ఇంటి నుంచి యాభై కిలోమీటర్లుంటుందేమో. అక్కడ శాస్త్రవేత్తలు ఆకాశం వైపు చూస్తుంటే, ఇక్కడ మేం తలుపులకు గడియ పెట్టుకుని కూర్చున్నాం. వీధిలో ఒక్క రిక్షా లేదు, కర్ఫ్యూ పెట్టినట్టే. నాన్నమ్మ ఆవకాయ జాడీ మీద, పాలగిన్నె మీద, నీళ్ల బిందెలో దర్భలు వేసింది. పిన్ని అప్పుడు నిండు చూలాలు. గోరు గిల్లుకున్నా బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని కదలనివ్వలేదు. పాపం, దోమ కుట్టినా గోక్కోలేదావిడ.

మా పడమటి కిటికీ రెక్కకు మేకు ఊడిపోయిన చిల్లొకటి ఉండేది. రోజూ సాయంత్రం పూట దాంట్లోంచి గచ్చు మీద రూపాయి బిళ్లంత వెలుగు పడేది. ఆ రోజు మూడు దాటాక చూస్తే ఆ బిళ్లను ఎవరో ఓ పక్క కొరికేసినట్టుంది. అక్క కేకేసింది. "చూడకూడదే, కళ్లు మూసుకోండి" అంటూ నాన్నమ్మ జపమాల పక్కన పెట్టి, అందరికంటే ముందు తనే వంగి చూసింది. బిళ్ల నెలవంకైంది, నెలవంక గోటి ముక్కంతైంది. గదిలో మొహాలు కనబడటం మానేశాయి. బయట కాకులు కాసేపు గోల చేసి ఊరుకున్నాయి. దాక్కున్నామనుకున్నాం గానీ, మేం కూర్చున్నది పిన్‌హోల్ కెమెరాలో, అంటే చిన్న చిల్లులోంచి సూర్యుడి బొమ్మ నేల మీద పడే చీకటి గదిలో. సూర్యుణ్ణి నేరుగా చూడకుండా గ్రహణం చూడాలంటే ఇప్పటికీ అదే మంచి పద్ధతి.

తర్వాత 1995లో, 2009లో, 2019లో వచ్చినవన్నీ మన ఊరికి పాక్షికాలే. 2020 జూన్ 21న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండా పళ్లెంలో నిలబెట్టిన రోకళ్ల ఫొటోలే. గ్రహణబలం వల్ల నిలబడిందన్నారు. మర్నాడు సోమవారం నేనూ నిలబెట్టాను, నిలబడింది. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. గ్రూపులో ఆ ఫొటో పెడితే ఒక్కరూ పలకలేదు.

2024 ఏప్రిల్ 8న డాలస్‌లో ఉన్నాను, అమ్మాయి దగ్గర. మర్నాడు ఉగాది. గ్రహణం అక్కడ మధ్యాహ్నం 1:40కి, అంటే మనకి అర్ధరాత్రి దాటి పది నిమిషాలకు. అక్క హైదరాబాద్ నుంచి ముందే ఫోన్ చేసింది: "ఒరేయ్, మనకి కనబడదు కాబట్టి ఇక్కడ పట్టింపు లేదు. మీకు మాత్రం ఉంది, ఏమీ తినకండి." సరేనన్నాం. అమ్మాయి పార్కుకు చిప్స్ తెచ్చింది, అది వేరే సంగతి.

పొద్దున్నుంచీ మబ్బులు. మధ్యాహ్నానికి పల్చబడ్డాయి. చెట్టు కింద నేల మీద ఆకుల సందుల్లోంచి పడిన వెలుగు మచ్చలన్నీ నెలవంకలే, మా మలక్‌పేట కిటికీ వెయ్యి చోట్ల తెరిచినట్టు. చివరి నిమిషంలో వెలుగు సాయంత్రపు ఎరుపులోకి తిరగలేదు, తగరంలా పాలిపోయింది. చల్లగాలి తగిలింది. అంతలో దీపం ఆర్పేసినట్టు చీకటి. నల్లటి బిళ్ల, చుట్టూ వెండి పోగుల్లా కరోనా (సూర్యుడి బయటి వాతావరణం), కింది అంచున చిన్న గులాబీ నిప్పురవ్వ. పక్కన శుక్రుడు పట్టపగలే మెరుస్తున్నాడు. మా ఆవిడ దండం పెట్టుకుంది. నేను ఫొటో తీయాలని ఫోన్ ఎత్తి, తీయడం మర్చిపోయాను. డాలస్‌లో దాదాపు 3 నిమిషాల 50 సెకన్లు. నాకు అరనిమిషంలా గడిచింది.

"99 శాతం మూసుకుంటే చాలదా" అంటారు చాలామంది. చాలదు. సూర్యుడి వెలుగు పున్నమి చంద్రుడికి దాదాపు నాలుగు లక్షల రెట్లు. ఒక్క శాతం మిగిలినా నాలుగు వేల పున్నమిలంత! కరోనా వెలుగు మొత్తం కలిపినా పున్నమి చంద్రుడి పాటిదే, ఆ ఒక్క శాతం ముందు అది కనబడదు. కాబట్టి వెళ్తే దారి అంచున ఉన్న ఊళ్లో గది తీసుకోకండి, నడిమధ్యకు పోండి. 2027లో ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైనే ఉంటుంది, పైగా ఆగస్టులో అక్కడ మబ్బుల భయం తక్కువ. ఎండ మాత్రం మన రామగుండం ఎండలకు తాతలాంటిది. ముసలివాళ్లను తీసుకెళ్తే నీడ, నీళ్లు ముందే చూసుకోండి.

కళ్లకు ఐఎస్ఓ 12312-2 (అంతర్జాతీయ భద్రతా ప్రమాణం) అని ముద్ర ఉన్న గ్రహణం కళ్లద్దాలు కావాలి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజుముక్కలు వద్దు. సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కొద్ది నిమిషాలే అద్దాలు తీసి చూడాలి, అంచున మొదటి మెరుపు రాగానే మళ్లీ పెట్టుకోవాలి. అంత ఖర్చు కుదరకపోతే 2034 మార్చి 20న కశ్మీర్, లడఖ్ వైపు సంపూర్ణ గ్రహణం ఉంది. అప్పటికి నాకు అరవై మూడు. అక్క ఇప్పట్నుంచే ఆక్సిజన్ సిలిండర్ల ధరలు అడుగుతోంది.