లడ్డూని కదలనివ్వకు

చెన్నై, పెరంబూరు

చిరంజీవి శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న రాత్రి నీ కుక్క లడ్డూ వీపు నొప్పితో అల్లాడుతున్నాడని నువ్వు ఫోన్‌లో ఏడ్చినప్పటికంటే ఈ ఉదయం పెట్టిన మెసేజ్ చూసి నాకు ఎక్కువ భయమేసింది. 'ఇంజెక్షన్, మాత్రలతో తగ్గిపోయింది పెద్దమ్మా, లడ్డూ మళ్లీ హాల్లో పరిగెడుతున్నాడు' అన్నావు. తల్లీ, ముందు వాణ్ణి పట్టుకుని ఒకచోట పడుకోబెట్టు. ఆ తర్వాత మెసేజ్‌గా పంపుతున్న ఈ ఉత్తరం చదువు.

ఆరేళ్ల కిందట మా చిట్టికి సరిగ్గా ఇలాగే అయింది. అదీ నీ లడ్డూలాగా పొడుగు ఒళ్లు, పొట్టి కాళ్ల డాక్స్‌హండ్ కుక్కే. ఒక పొద్దున ఎత్తుకోబోతే కుయ్యిమని అరిచి వణికిపోయింది, వీపు విల్లులా వంగిపోయింది. నరం పట్టిందన్నారు, మాత్రలిచ్చారు, కదలనివ్వొద్దని కూడా చెప్పారు. నాలుగో రోజుకి తోక ఊపుకుంటూ తిరుగుతుంటే పాపం ఎందుకు కట్టెయ్యాలని వదిలేశాను. సోఫా మీద నుంచి దూకింది. అరగంటలో వెనక కాళ్లు రెండూ ఈడుస్తూ నా దగ్గరికి పాక్కుంటూ వచ్చింది. మొజాయిక్ మీద ఆ గోళ్ల గీరుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నొప్పి తగ్గినది మాత్ర వల్ల. లోపలి దెబ్బ అలాగే ఉంది. ఆ సంగతి కుక్కకు తెలియదు, మనకు తెలియాలి.

ఈ పొట్టి కాళ్ల జాతులకు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కులు ఏడాది, రెండేళ్ల వయసుకే గట్టిపడడం మొదలెడతాయి. కొన్నింటికి మూడు నుంచి ఆరేళ్ల మధ్య ఎప్పుడో ఒక చిన్న గెంతుకి డిస్కు పగిలి, లోపలిది పొంగి వెన్నుపామును నొక్కుతుంది. టపాసుల శబ్దానికి మంచం దిగి ఉరికాడన్నావుగా, అది చాలు. నీ తప్పు ఏమీ లేదు. పగిలిన చోటు అతుక్కోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే నేను ఇంతగా చెబుతున్నాను. మాత్రలు, ఆక్యుపంక్చర్ అనే సూదుల వైద్యం, లేజర్ చికిత్స అన్నీ ఈ కదలకుండా ఉంచడానికి తోడు మాత్రమే.

వాడికొక బోను కావాలి. లేచి నిలబడి వెనక్కి తిరిగేంత ఉంటే సరిపోతుంది, అంతకంటే పెద్దది వద్దు. అడుగున పలచటి పరుపు వెయ్యి. బోనుని బాల్కనీలో పెట్టకు, నువ్వు కూర్చునే చోట పెట్టు. మనుషులు కనిపిస్తుంటే వాడు సగం గోల మానేస్తాడు. మూత్రానికి మాత్రమే బయటికి తియ్యి. మెడపట్టీ తీసేసి, ఛాతీకి తగిలించే బెల్టుకి తాడు కట్టు. ఐదు నిమిషాల్లో మళ్లీ లోపలికి తెచ్చెయ్యి. వెనక కాళ్లు తూలుతుంటే పొడుగాటి తుండు పొట్ట కింద నుంచి పోనిచ్చి రెండు కొసలూ పైన పట్టుకో, నడుము బరువు నీ చేతిలో ఉంటుంది. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి వీపు బల్లలా సమంగా ఉండేలా ఎత్తు. చంకల్లో చేతులేసి వేలాడదీయకు. నొప్పిలో ఉన్న కుక్క ప్రాణంలా పెంచిన వాళ్లనైనా కరుస్తుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు.

మొదటి రెండు రోజులు వాడు ఏడుస్తాడు, నీ వైపే చూస్తాడు. నీ మనసు కరిగిపోతుంది. కరగనివ్వకు.

రోజుకి రెండుసార్లు ఒకటి చూడు. వాడు నిలబడగలిగితే పొట్ట కింద చెయ్యి ఆసరా పెట్టి, వెనక పాదాన్ని మెల్లగా మడిచి పైభాగం నేలకు ఆనించు. బాగున్న కుక్క రెప్పపాటులో పాదం తిప్పేసుకుంటుంది. తిప్పుకోవడం ఆలస్యమైతే, నడకలో గోళ్లు నేలకు రాసుకుంటే, ఆ రోజే డాక్టర్‌కి చెప్పు. కాళ్లు పూర్తిగా పడిపోయినా, పన్నెండు గంటలు మూత్రం రాకపోయినా, దానంతటదే కారుతున్నా అర్ధరాత్రి అని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. కాలివేలు గట్టిగా నొక్కినా వాడికి తెలియకపోతే ఆపరేషన్ విషయంలో ప్రతి గంటా విలువైనదే. 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీ వాళ్ల ఆసుపత్రి వేపేరిలో ఉంది, చిట్టిని అక్కడికే తీసుకెళ్లాం. జనం బాగా ఉంటారు, మామూలు రోజైతే పొద్దున్నే బయలుదేరాలి. ఆటోలో ఒళ్లో పెట్టుకోకు. ఒక చెక్క పలక మీద దుప్పటి పరిచి, దాని మీద పడుకోబెట్టి తీసుకెళ్లు. చిట్టికి వేళ్లలో నొప్పి ఇంకా తెలుస్తుండడంతో ఆపరేషన్ లేకుండా చూద్దామన్నారు. ఏడో వారానికి లేచి నడిచింది, కొంచెం వంకరగానే. ఇప్పటికీ అలాగే నడుస్తుంది. నాకు అదే చాలు.

మందుల సంగతి. మొన్న రాత్రి వేసిన ఇంజెక్షన్ స్టెరాయిడా కాదా అని ఆ క్లినిక్‌లో అడిగి రాసిపెట్టుకో. స్టెరాయిడ్ పడ్డాక ఇంకో డాక్టర్ తెలియక మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు ఇస్తే కడుపులో పుండ్లు పడొచ్చు. విరేచనం తారులా నల్లగా వస్తే వెంటనే ఫోన్ చెయ్యి. నరాల నొప్పికి గాబాపెంటిన్ అనే మందు ఇస్తే మత్తుగా తూలుతాడు, కంగారుపడకు, కానీ నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకు. మనుషుల గాబాపెంటిన్ సిరప్‌లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, అది కుక్కలకు విషం. మన ఇంట్లో ఉండే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ముక్క కూడా వెయ్యకు. ఇంకో మాట, మన చెన్నైలో పిడుదులు ఎక్కువ కదా, పిడుదు జ్వరంలోనూ ఒళ్లు నొప్పులొస్తాయి. రక్త పరీక్ష చెయ్యమని అడుగు.

మీ అత్తగారు వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె రాయమంటారు, నాకు తెలుసు. ఆవిడ ప్రేమతోనే అంటారు, మర్యాదగానే వద్దని చెప్పు. వెల్లుల్లి కుక్కలకు పడదు, రాసిందంతా వాడు నాకేస్తాడు. కర్పూరం ఉన్న బామ్‌లూ అంతే. వీపు అసలు పిసకకూడదు, నరం లాగుతామని ఎవరైనా వస్తే గుమ్మం దగ్గరే పంపించెయ్యి. పసుపు క్యాప్సూల్, చేప నూనె లాంటివి డాక్టర్‌ని అడిగి ఇవ్వొచ్చు, నొప్పి మాత్రలతో కలిపి సొంతంగా మొదలెట్టకు. మొదటి రోజులు దాటాక, డాక్టర్ సరేనంటే, గోరువెచ్చటి తడి తుండు నడుము మీద పది నిమిషాలు వెయ్యొచ్చు. ముందు నీ మణికట్టు మీద వేసి చూసుకో. చిట్టి ఆ వేడికి కళ్లు మూసుకుని నిట్టూర్చేది. ఆక్యుపంక్చర్ వల్ల కొన్నింటికి నొప్పి తగ్గొచ్చు, నేర్చిన వెట్ దగ్గరైతే చేయించు. నీళ్లలో నడిపించడం వాళ్లు చెప్పినప్పుడే.

బోనులో ఉన్నన్నాళ్లూ తిండి కొంచెం తగ్గించు, ప్రతి అరకిలో బరువూ ఆ నడుము మీదే పడుతుంది. మాత్ర పెరుగన్నం ముద్దలో దాచి పెట్టు. హాల్లో టైల్స్ మీద కొబ్బరి పీచు పట్టాలు పరిచెయ్యి, జారకుండా ఉంటాయి. మంచం ఎక్కడం ఇక జన్మలో వద్దు.

చిట్టి బోను అటక మీదే ఉంది. కడిగి ఎండలో పెట్టాను, సాయంత్రం నాలుగింటికి వేళచేరిలో మీ ఇంటికి నేనే తెస్తాను. ఈలోపు వాడి ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా టేపుతో కొలిచి అంగుళాల్లో మెసేజ్ పెట్టు. సరిపోకపోతే దారిలో ఇంకోటి కొనుక్కుని వస్తాను.

మీ పెద్దమ్మ